గద్దె మీద కండువా

కిందటిసారి కాంతాన్ని పెరటి గుమ్మం దగ్గర నిలబెట్టి మనం వచ్చేశాం. ఆమె చేతిలో పెట్టె తాళంచెవి ఉంది. గుమ్మానికి అవతల సందులో, నెత్తిమీద ఎండుచేపల బుట్టతో ఒక పరాయి ఆడది నిలబడి ఆమెను పైనుంచి కిందికి చూస్తోంది.

ఆ గుమ్మం దాకా ఎలా వచ్చామో మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు మాటలు. కాశీవిశ్వనాథంగారిది విజయనగరంలో గుడ్డల కొట్టు. యుద్ధం వచ్చి, గుడ్డల మీద సర్కారు కంట్రోలు వచ్చి అమ్మకం కార్డుల మీదికి మారాక, ఆయన కొడుకు, అంటే కాంతం భర్త, నగరేశ్వరరావు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావడం మానేశాడు. కొట్లో మూటలు మోసే ఎల్లాజీ వచ్చి క్యారేజీ పట్టుకెళ్తాడు, సాయంత్రం తెచ్చి గుమ్మంలో పెడతాడు. ఆ పద్ధతి మొదలైన కొన్నాళ్ళకి నగరేశ్వరరావుకి కడుపులో బాగుండటం లేదన్న మాట ఇంటికి చేరింది. అత్తగారు పార్వతీదేవి రోజూ శొంఠి మజ్జిగ పంపుతోంది. మామగారు వైద్యుణ్ణి వెతుకుతున్నారు. కాంతానికి మాత్రం ఆ కడుపు మీద నమ్మకం కుదరలేదు. పరీక్షకని క్యారేజీలో కాకరకాయ వేపుడు పెట్టింది. పుట్టి బుద్ధెరిగి ఆయన నోట పెట్టని కూర అది. ముక్క మిగలకుండా అయిపోయింది. పైగా గిన్నెలు చింతపండు పెట్టి తోమినట్టు మెరుస్తూ వచ్చాయి. మగవాళ్ళ కొట్లో గిన్నెలు అలా తోమేదెవరు? ఆ ప్రశ్న మనసులో పెట్టుకుని, ఎందుకో తెలియకుండానే, ఆమె తన బట్టల పెట్టె తెరిచింది. పుట్టింటివారు బొబ్బిలి నుంచి పెట్టి పంపిన చిలకపచ్చ చీర అందులో లేదు.

ఇప్పుడు సందులో మనిషి అంది:

"ఈ ఇంటి కోడలివి నువ్వేనేటమ్మా?"

"నేనే. చేపలు మేం కొనం."

"కోమట్ల గుమ్మంలో సేపలమ్మేటంత ఎర్రిదాన్నేటి? మీ కొట్లో మూటలు మోసే ఎల్లాజీ లేడా, ఆడి పెళ్ళాన్ని. దానమ్మంటారు. మాది భోగాపురం పక్క. బాంబులేస్తారని బయపడి ఊరొగ్గేసి ఇలగొచ్చి పడ్డాం."

"ఎల్లాజీ ఇప్పుడే క్యారేజీ పట్టుకుని వెళ్ళాడే!"

"ఎల్లాడని తెలిసే వచ్చాను." దానమ్మ గొంతు తగ్గించలేదు. "మా మావని ఎవులు మేపుతన్నారో అడుగుదామని."

కాంతం వెనక్కి చూసింది. లోపల పార్వతీదేవి మనవరాల్ని పక్కన వేసుకుని కునుకు తీస్తోంది. పద్మకుమారి కాలి మువ్వ ఒకటి నిద్రలో చిన్నగా మోగింది, అంతే. కాంతం గుమ్మం దాటి సందులోకి వచ్చి తలుపు దగ్గరికి లాగింది.

"నెమ్మదిగా మాట్లాడు. ఎవరు మేపడం ఏమిటి?"

"నాను పొద్దున్నే వండి గిన్నిలో కట్టిత్తాను. అది అలగే తిరిగొచ్చేస్తాది. అడిగితే ఆకల్లేదంటాడు. ఆకల్లేని మడిసికి పొట్టెందుకు పెరుగుతాదమ్మా? దగ్గరికొస్తే ఇంగువ వాసన. మొన్నేటన్నాడో తెలుసా? సేపల పులుసులో రవ్వంత ఇంగువెయ్యే అన్నాడు! పుట్టినకాడ్నుంచి ఇంగువంటే ఏటో తెలీనోడు. అప్పుడనుకున్నాను. ఎవుర్తో కోమట్లింటి ఆడది ఆడికి మప్పింది. ఇదిగో, సూసుకుందామని వచ్చాను."

కాంతానికి నవ్వు వచ్చింది. వచ్చిన నవ్వు పెదవుల దాకా చేరకముందే ఆగిపోయింది. కాకరకాయ వేపుడు ఎవరు తిన్నారో తెలిసింది. ఇంగువ పోపు పెట్టిన పప్పు, చింతకాయ పచ్చడి, శొంఠి మజ్జిగ, ఇన్నాళ్ళూ ఎవరి కడుపులోకి పోయాయో తెలిసింది. మరి ఆయన ఎక్కడ తింటున్నారు?

"మీ ఎల్లాజీ తింటున్నది నా వంట దానమ్మా. మా వారి క్యారేజీ."

దానమ్మ నెత్తిమీద బుట్ట సర్దుకుంది. తరవాత ఆమె మొహంలో కోపం పోయి, ఇంకేదో వచ్చింది. జాలి అనుకుంటాను. అది ఆమె మొహానికి బాగా తెలిసిన పనే అయి ఉండాలి, అంత తొందరగా వచ్చింది.

"అయితే మీ బాబు ఏటి తింతన్నాడు?"

"అదే తెలీదు." కాంతం తాళంచెవి వేళ్ళ మధ్య తిప్పింది. అత్తగారికి చెప్పలేనిది, తల్లికి ఉత్తరం రాయలేనిది, ఆ సందులో చేపల బుట్ట ముందు చెప్పేసింది. "నా చీర కూడా ఒకటి కనపడటం లేదు."

"ఓలమ్మా." దానమ్మ బుట్ట దించి గోడకి ఆనించింది. "నీ సీర ఎవుర్తి కట్టుకుంటాదో, నీ మొగుడు దాని సేతి కూడే తింతన్నాడు. ఇందులో సదువుకోవాల్సిందేటున్నాది? పద. ఎల్లి సూద్దాం."

"నేనా? బజారుకా? ఈ ఎండలో కోడలు నడిచి వెళ్తే ఊరంతా చూస్తుంది."

"సూడదు." దానమ్మ బుట్ట మళ్ళీ నెత్తికెత్తుకుంది. "నా బుట్టెనకాల రా. ఎదురొచ్చినోడు ముక్కు మూసుకుని తల అటు తిప్పేస్తాడు. ఎనకున్న మడిసి మొకం ఎవులూ సూడరు. ఈ బుట్ట కన్నా మంచి గోషా ఉన్నాదేటి?"

అది నిజమైంది. కాంతం చెంగు తలమీద కప్పుకుని ఆ వాసన నీడలో నడిచింది. రోజూ వాళ్ళింటి అరుగు మీద కూచుని కబుర్లు చెప్పే పెద్దమనిషి ఒకాయన ఎదురుపడి, కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఛీ ఛీ, మధ్యాహ్నం పూట" అంటూ గోడవైపు తిరిగాడు. కాంతం ఆయన పక్కనుంచే వెళ్ళిపోయింది.

కొట్టు ముందు జనం ఉన్నారు. చేతుల్లో కార్డులు పట్టుకుని మెట్లమీద కూచున్నారు. కంట్రోలు వచ్చాక ఆ మెట్లు ఖాళీగా ఉన్న పూట లేదు. లోపల, గల్లాపెట్టె వెనక, తెల్లటి పరుపు పరిచిన గద్దె ఉంది. ఆ గద్దె మీద మనిషి లేడు. మడత పెట్టిన జరీ అంచు కండువా ఉంది.

ఆ బజారు వర్తకుల్లో అదొక ఆనవాయితీ. పొద్దున్న దీపం పెట్టిన కొట్లో, తిరిగి మూసేదాకా గద్దె ఖాళీగా ఉండకూడదు. ఖాళీ గద్దె లక్ష్మికి అవమానం. కాని మనిషన్నాక పెరట్లోకి వెళ్ళకుండా ఉండలేడు గనక, ఆ కాసేపటికీ గద్దె మీద కండువా వేసి వెళ్తారు. కండువా ఉందంటే సావుకారు ఉన్నట్టే. ఎవరూ ప్రశ్నించరు. కాశీవిశ్వనాథంగారు తన కాలమంతా ఆ గద్దెను అంతకుమించి వదిలి ఎరగరు. కొడుక్కి మీసాలు వచ్చిననాడు ఆయన అప్పగించింది కొట్టు తాళాలు కాదు, ఆ కండువా.

మెట్ల మీద ముసలాయన ఒకడు పక్కవాడితో అంటున్నాడు. "వస్తారు, వస్తారు. పెరట్లోకెళ్ళారు. రోజూ ఈ ఏళకి ఇంతే. పాపం, కుర్రవయసులో కడుపు అలగయిపోనాది."

"ఎంతసేపైనాది ఎల్లి?"

"అడక్కూడదు నాయినా. ఆ బాద పడినోడికే తెలుస్తాది."

కాంతం చెవులు వేడెక్కాయి. ఊరంతా ఆయన కడుపు మీద జాలి పడుతోంది. ఆ జాలి కింద ఏం జరుగుతోందో ఎవరికీ పట్టలేదు. కడుపునొప్పిని అనుమానించడానికి మంచివాళ్ళెవరికీ మనసొప్పదు. అది తెలిసినవాడే ఆ నొప్పి తెచ్చుకున్నాడు.

పక్క సందులోంచి కొట్టు పెరట్లోకి దారి ఉంది. దానమ్మ బుట్టతో తలుపు తోసింది.

బావి పక్కన పందిరి కింద, ఒక గోనె మూట మీద ఎల్లాజీ కూచుని ఉన్నాడు. ముందు అరిటాకు. ఆకులో అన్నం, పప్పు, ఒక పక్క బీరకాయ పచ్చడి. పక్కనే క్యారేజీ విప్పి ఉంది. అతను కళ్ళు సగం మూసుకుని, ముద్దని లోకం మరిచి నములుతున్నాడు. అంత సుఖంగా తన వంట తింటున్న మనిషిని కాంతం ఈమధ్య చూడలేదు. అంత కోపంలోనూ ఆమెకది తెలిసింది.

"తిను మావా, తిను," అంది దానమ్మ. "పొలమారకుండా తిను."

ఎల్లాజీకి పొలమారింది.

"ఒసే! నువ్వేటే ఇక్కడ?" అతని చూపు దానమ్మ మీంచి వెనక ఉన్న మనిషి మీదికి పోయింది. ఆకు ముందునుంచి లేచిపోయి చేతులు వెనక్కి దాచుకున్నాడు. "అమ్మగోరూ! తమరు... నాను కాదమ్మా. నాను తినలేదు."

"మీసం మీద పప్పున్నాది," అంది దానమ్మ.

"బాబుగారే పెట్టారమ్మా. నాను గిన్నెలు ముట్టుకోలేదు, నీలకంటేస్పరుడి మీదొట్టు. బాబే సొయంగా ఆకులో ఒడ్డించి ఎల్తారు. వచ్చాక గిన్నెలు కూడా ఆయనే తోముకుంటారు. నాను తోముతానంటే ఒద్దురా, మా ఇంటిదానికి తెలిసిపోతాది అంటారు."

కాంతం బావి గట్టు వైపు చూసింది. అక్కడ చింతపండు పిప్పి, కొబ్బరిపీచు ఉన్నాయి. ఇంట్లో మంచినీళ్ళ చెంబు కూడా తనచేత్తో ముంచుకోని మనిషి. ఆయన ఇక్కడ గొంతుకూచుని గిన్నెలు తోముతున్నారు. ఎంత పెద్ద తప్పు అయితే మనిషి అంత శుభ్రంగా తోముతాడు?

"ఆయన ఎక్కడికెళ్తారు ఎల్లాజీ?"

ఎల్లాజీ తల దించుకున్నాడు. "ఒట్టెట్టించుకున్నారమ్మా."

"ఎవుర్తి దగ్గరికెల్తాడో సెప్పరా అంటే ఒట్టంటావేటి?" దానమ్మ బుట్ట దించింది. "సెప్పకపోతే రేపట్నుంచి నీకు ఇంటికాడ కూడు లేదు."

"నీ కూడెవులికి కావాలే," అనేశాడు ఎల్లాజీ. అని, దానమ్మ మొహం చూసి, కొంచెం వెనక్కి జరిగాడు.

కాంతం వాళ్ళ మధ్యకి రాలేదు. నెమ్మదిగా అడిగింది: "మొన్నటి కాకరకాయ బాగుందా?"

ఎల్లాజీ ఇబ్బందిగా కదిలాడు. నిజం చెప్పాలా వద్దా అని చూశాడు. "ఉప్పు రవ్వంత ఎక్కువైనాదమ్మా."

"కావాలనే వేశాను. ఆయన తింటే ఇంటికొచ్చి గొడవ పడతారని. గొడవ పడటానికైనా వస్తారని."

ఆ మాటకి అతను తలెత్తి ఆమెను చూశాడు. తరవాత, "నోటితో సెప్పనని ఒట్టేసానమ్మా," అని, తన కుడికాలి బొటనవేలు చాచి, పెరటిగోడలో ఉన్న చిన్న తలుపు వైపు చూపించాడు. ఆ పని చేస్తున్నంతసేపూ మొహం మాత్రం బావి వైపు తిప్పుకునే ఉన్నాడు.

తలుపు అవతల పాత గోగునార గిడ్డంగి. సరుకు వెళ్ళిపోయి చాలాకాలమైంది. తడిసిన నార వాసన ఒక్కటే మిగిలింది. కాంతం గిడ్డంగి తలుపు సందులోంచి లోపలికి చూసింది. ఎత్తైన కిటికీలోంచి పడిన ఎండలో నారపీచు ధూళి తేలుతోంది.

ఆ ఎండలో ఒక స్త్రీ అటు తిరిగి నిలబడి ఉంది.

చిలకపచ్చ చీర. మామిడిపిందెల అంచు. పుట్టింటివారు ఆ చీర పెట్టిననాడు అమ్మ దాని కొంగుకి పసుపు రాసింది. ఆ మరక కూడా, అదిగో, ఉంది. వీపు మీద పొడుగాటి జడ. మనిషి కాస్త ఎత్తరి.

ఎవరిదో మగగొంతు మూలనుంచి అంది: "ఇంకా రాలేదు. నీ పెనిమిటి ఇంకా రాలేదు. వాకిట్లో నిలబడు. వస్తాడని ఉంది, రాడనీ తెలుసు."

ఎవరి పెనిమిటి? కాంతం తలుపు చెక్క గట్టిగా పట్టుకుంది. దానమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది. చేపల చెయ్యి. అయినా కాంతం విదిలించుకోలేదు.

లోపలి మనిషి, అక్కడ లేని గుమ్మానికి ఆనుకున్నట్టు నిలబడింది. ఒక పాదం మీద రెండో పాదం పెట్టి, వేళ్ళతో మెల్లగా రుద్దుకుంది. వీధి చివరకి చూసింది. కొంగు చివర తీసుకుని, తాడులా పేని, చూపుడువేలికి చుట్టింది. విప్పింది. మళ్ళీ చుట్టింది. తలెత్తి ఎండ ఎక్కడికి వచ్చిందో చూసి, ఎవరూ చూడలేదు కదా అన్నట్టు, పెదవి లోపలికి లాక్కుంది.

కాంతం తలుపు సందుకి మరింత దగ్గరగా జరిగింది. ఈ ఆడదాన్ని ఆమె ఎరుగును. ఎక్కడో కాదు, రోజూ చూస్తున్నట్టే ఎరుగును. ఎక్కడ? ఆమె కిందికి చూసుకుంది. తన కొంగు తన చూపుడువేలికి పేని చుట్టుకుని ఉంది.

అప్పుడు లోపలి స్త్రీ ఇటు తిరిగింది. నెత్తిన పెట్టుడు జుట్టు, బుగ్గలకి రంగు, కళ్ళకి కాటుక, నుదుట రూపాయి కాసంత ఎర్రటి బొట్టు. ఆ కింద, ముక్కుకీ పెదవికీ మధ్య, నల్లగా, నిండుగా, నూనె రాసి దువ్విన మీసం.

"ఓలమ్మో," అంది దానమ్మ. "ఇదేటిది?"

కాంతం తలుపు తోసింది.

నగరేశ్వరరావు కొంగు వేలికి చుట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మూలలో హార్మోనియం ముందు కూచున్న గణపతిరావు, సర్కారు కచేరీలో గుమస్తా, భార్యాభర్తలిద్దరినీ ఒకసారి చూసి, పుస్తకం మూసి, చెప్పులు వెతుక్కున్నాడు. "ఇవాళ్టికి చాలు," అన్నాడు ఎవరితోనో. పోతూ పోతూ తలుపు దగ్గరికి వేసి వెళ్ళాడు. మంచివాడు. కొందరు అలాంటప్పుడు చెప్పులు దొరకనట్టు చాలాసేపు వెతుకుతారు.

"నాటకమా?" అంది కాంతం.

"నాటకం." ఆయన గొంతు ఆ రంగులోంచి వింతగా వినిపించింది. "ఆదివారం వేస్తున్నాం. గణపతిరావుగారికి మధ్యాహ్నమే కచేరీ విరామం. అందుకని ఈ వేళకి... వర్తకుడి భార్య వేషం. వేరే ఎవరికీ కుదరలేదు. చీర అడుగుదామనుకున్నాను. నువ్వు ఎందుకు అంటావని..."

"తిండి?"

"రెండు అరిటిపళ్ళు తింటాను. ఒక్కోసారి అదీ ఉండదు. ఆకలి వెయ్యదు ఇక్కడ."

ఇంకొక ఆడది లేదు. అది తెలిసినప్పుడు గుండె తేలిక కావాలి. కాంతం ఆ తేలిక కోసం ఒక క్షణం చూసింది. రాలేదు. అనుమానం పోలేదు, చోటు మాత్రం మారింది.

"అలా నిలబడటం ఎవరు నేర్పారు?"

నగరేశ్వరరావు వేలికున్న కొంగు చూసుకుని గబుక్కున విప్పాడు. "ఎవరూ నేర్పలేదు. నువ్వు నిలబడతావు కదా. ఇదివరకు నేను భోజనానికి వచ్చే రోజుల్లో, వీధి మలుపు తిరగ్గానే కనపడేదానివి. అలాగే ఉండేదానివి. నేను దగ్గరికి వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు లోపలికి పోయేదానివి."

"చూశారన్నమాట."

"రోజూ చూశాను."

కాంతం కళ్ళు చెమ్మగిల్లాయి. దానికి ఆమెకి ఇంకా కోపం వచ్చింది.

"ఇప్పటికీ అలాగే నిలబడుతున్నాను. చూసేవాళ్ళు లేరు. క్యారేజీకి ఎల్లాజీ వస్తాడు, అంతే."

"కాంతం, నా మాట విను." ఆయన చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని ఒక నారమూట మీద కూలబడ్డాడు. "పొద్దుట్నుంచి ఆ గద్దె మీద కూచుని నేను చేసే పని ఏమిటో తెలుసా? లేదు అనడం. చీర ఉందా బాబూ, లేదు. పంచె ఉందా, లేదు. పెళ్ళి ఉంది బాబూ, లేదు. చచ్చిపోయింది, కప్పడానికైనా, లేదు. కంట్రోలు వచ్చాక నా నోట్లోంచి ఇంకో మాట రాలేదు. చీకటి పడ్డాక ఇంటికి వస్తే ఆ మాటే నాలిక మీద ఉంటుంది. ఇక్కడొక్కటే, ఈ కాసేపూ, ఎవరూ నన్ను ఏదీ అడగరు."

"ఇంటికి వస్తే నేను గుడ్డలు అడుగుతానా?"

"ఇంటికెలా రాను? ఇదివరకు నేను తిని వచ్చేదాకా నాన్నగారు గద్దె మీద కూచునేవారు, గుండె బాగులేక ఇప్పుడు వీధిగదిలోనే ఉంటున్నారు. 'గద్దె ఎవరికి అప్పగించి వచ్చావు?' అంటారు. అన్నం తినడానికి గద్దె వదలకూడదు. పెళ్ళాంతో మాట్లాడటానికి అసలే వదలకూడదు. కడుపునొప్పికి ఒక్కదానికే వదలచ్చు." ఆయన నవ్వబోయాడు. రంగు చిట్లింది. "అందుకని కడుపునొప్పి తెచ్చుకున్నాను."

"ఆ నొప్పి మా కోసం ఎప్పుడూ రాలేదేం?"

ఆయన చీర అంచుకి అంటిన నారపీచు ఏరడం మొదలుపెట్టాడు.

"మీకు తీరిక లేదన్నారు. లేదనే అనుకున్నాను. రామతీర్థం తిరునాళ్ళకి వద్దామంటే లేదన్నారు, సరే అన్నాను. పద్మ మిమ్మల్ని చూస్తే తలుపు వెనక్కి పోతుంది. ఎవరో పెద్దమనిషి వచ్చాడనుకుంటుంది. అదీ యుద్ధం వల్లే అనుకున్నాను. తీరిక ఉందండీ మీకు. రోజూ ఉంది. ఆ తీరికలో నేనెలా ఎదురుచూస్తానో నేర్చుకుంటున్నారు. ఎదురుచూసేదాని దగ్గరికి మాత్రం రారు."

బయట దానమ్మ ముక్కు చీదింది. ఆమె వింటోందని ఇద్దరికీ అప్పుడు గుర్తొచ్చింది.

కాంతం దగ్గరికి వెళ్ళి, ఆయన భుజం మీద జారిపోతున్న కొంగు సర్దింది. చీర మురికవుతుందని సర్దిందో, ఇంకెందుకు సర్దిందో ఆమెకే తెలియాలి. "మరి ఈ మీసం? వర్తకుడి భార్యకి మీసం ఉంటుందా?"

నగరేశ్వరరావు చూపు తప్పించాడు. "శనివారం తీయించేస్తాను."

"మావయ్యగారు ఉండగానా!"

తండ్రి బతికి ఉన్నంతకాలం కొడుకు మీసం తీయడు. ఆ ఇళ్ళలో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. మీసం తీసిన మొహంతో కొడుకు గుమ్మంలోకి వస్తే ఆ తండ్రి ఏమనుకోవాలి? కాశీవిశ్వనాథంగారికి అరవై దాటాయి. ఆయన గుండె అంత గట్టిది కాదు.

"మళ్ళీ పెరుగుతుంది," అన్నాడు నగరేశ్వరరావు, తనకే నమ్మకం లేని గొంతుతో.

"సరే. అది తరవాత." కాంతం ఊపిరి పీల్చుకుంది. ఇంత దూరం బుట్ట వెనక నడిచి వచ్చింది ఒక్క ప్రశ్న కోసమేనని ఆమెకి అప్పుడు అర్థమైంది. "రేపు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వస్తారా?"

"లేదు, రేపు..." అన్నాడు ఆయన.

అలవాటుగా వచ్చేసిన మాట. అన్న మరుక్షణం ఆయన చెయ్యి నోటిదాకా వెళ్ళింది. కాని మాట వెళ్ళిపోయింది.

అంతలో తలుపు దడాలున తెరుచుకుంది. ఎల్లాజీ. ఇంకా చెయ్యి కడుక్కోలేదు.

"బాబూ! పెద్ద సావుకారు కొట్టుకొచ్చీసేరు! వైజ్జుణ్ణి ఎంటబెట్టుకొచ్చీసేరు! తమరి కడుపు సూడ్డానికంట! కండువా తీసి గద్దె మీద కూకున్నారు. పెరట్లోకొస్తానంటన్నారు. నాను గుమ్మానికడ్డంగా మూటలేసి వచ్చాను."

నగరేశ్వరరావు లేవబోయి కుచ్చెళ్ళు తొక్కుకుని మళ్ళీ పడ్డాడు. రంగు చేత్తో తుడుచుకుంటే మొహమంతా పాకింది. "నీళ్ళు! ఎల్లాజీ, నీళ్ళు! నా పంచె ఏది? కాంతం, కాంతం, నువ్వు వెళ్ళు. ఏదో ఒకటి చెప్పి ఆపు. చాలా నొప్పిగా ఉందని చెప్పు. నువ్వు చెబితే నమ్ముతారు."

అవును, నమ్ముతారు. ఆమె ఆ ఇంట్లో ఎప్పుడూ అబద్ధం ఆడలేదు.

కాంతం బయటికి నడిచింది. దానమ్మ పక్కకి తప్పుకుంటూ, "ఏటి సెప్తావమ్మా?" అంది. కాంతం అప్పటికే ఎల్లాజీ అడ్డం వేసిన మూటల మీంచి చీర ఎత్తి పట్టుకుని దాటి, కొట్టులోకి వెళ్ళింది.

కాశీవిశ్వనాథంగారు గద్దె మీద కూచుని ఉన్నారు. వైద్యుడు వీధి మెట్ల మీద జనానికి ఏదో చెబుతున్నాడు. పెద్దాయన ఒళ్ళో కండువా ఉంది. ఆయన దాన్ని వెలుగుకి ఎత్తి చూస్తున్నారు. జరీ అంచు మీద ఎప్పుడో ఎండిపోయిన ఎర్రటి మరక. నుదుటి బొట్టు తుడిచినట్టుగా ఉంది. దారాల్లో చిక్కుకుని ఒక పొడుగాటి వెంట్రుక వేలాడుతోంది.

అడుగుల చప్పుడికి తలెత్తారు. కొట్లో కోడల్ని చూసి లేవబోయారు. లేస్తే గద్దె ఖాళీ అవుతుందని గుర్తొచ్చి కూచున్నారు. ఆమె పెరటివైపునుంచి వచ్చిందని చూశారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయని చూశారు. తన చేతిలో వెంట్రుక చూశారు. ఆయన మొహం మెల్లగా నల్లబడింది.

కోపం వస్తుందనుకుంది కాంతం. 'ఇక్కడికెందుకొచ్చావు' అంటారనుకుంది. ఆయన ఆ రెండూ చేయలేదు. కండువాను మరక లోపలికి పోయేలా మడిచి, మెట్ల మీద జనానికి కనపడకుండా ఒడిలో పెట్టుకున్నారు. గొంతు బాగా తగ్గించారు.

"ఏటమ్మా, ఏడిచావా?"

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"కడుపునొప్పి కాదు కదూ ఇది? నాకు ఎప్పుడో అనుమానం కలిగింది. నీకు చెప్పలేక వైద్యుణ్ణి తెచ్చాను." ఆయన కండువాను ఇంకో మడత పెట్టారు. "ఈ గద్దె మీద నలభైయేళ్ళు కూచున్నాను. మీ అత్తయ్య ఎలా ఉందో నేను ఏనాడూ అడగలేదు. నిన్ను అడుగుతున్నాను. నాకు నిజం చెప్పు తల్లీ. వీడు నీకు అన్యాయం చేస్తున్నాడా?"

కాదండీ, కడుపునొప్పే అనాలి. ఒక్క మాట. ఆ మాట అంటే అందరూ బాగుంటారు. ఆదివారం నాటకం జరుగుతుంది. రేపు మధ్యాహ్నం ఎల్లాజీ వస్తాడు క్యారేజీకి. ఎల్లుండీ వస్తాడు.

కాంతం వేలికి చుట్టుకున్న కొంగు విప్పి వదిలేసింది.

"చేస్తున్నారండీ," అంది.

వెనక, ఎల్లాజీ వేసిన మూటలు ఒకటొకటిగా జరుగుతున్న చప్పుడు. పెరటి తలుపు కిర్రుమంది. పెద్దాయన చూపు కోడలి భుజం మీంచి ఆ తలుపు వైపు తిరిగింది. కాంతం తిరగలేదు. ఆ గుమ్మంలోంచి వస్తున్నవాడు ఏ మొహంతో వస్తున్నాడో, ఒంటిమీద ఇంకా చిలకపచ్చ చీర ఉందో లేదో, ఆమె మామగారి కళ్ళలోనే చూడబోతోంది.